రేవునుండి కొట్టునకు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



చిన్న కొట్టు పెట్టుకొని స్వంత చేతులతో బ్రతుకువారికి పనికివచ్చు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మాకు జాబు వ్రాసినప్పుడు మేము కొంత జంకితిమి. మేము ముప్పదియేండ్లకు మించి బడిలో పిల్లలచే శబ్దములు, ధాతువులు వల్లె వేయించి, ఇప్పుడు పింఛను పుచ్చుకొని ఇంట కూర్చున్నవారము. వర్తకమునందు మాకు అధికారము లేదు. అయినను రాజమహేంద్రవరమున మా తమ్ముడు నడుపుచున్న బట్టల కొట్టునకు మొదటినుండియు లెక్కలు వ్రాసినది మేమే. ఆ పుస్తకములు మాయొద్ద నున్నవి. వానిలో ఒకచోట మా తప్పును ఉన్నది. దానిని దాచి ఈ వేదికమీద పెద్దరికము చేయుట ధర్మము కాదు కావున, దానినిగూడ చెప్పుదుము.

ముందుగా మాకు తెలిసిన విద్యనుండి ఒక్క మాట. అమరసింహుడు మన వృత్తివానికి రెండు పేర్లు చెప్పెను: నిర్ణేజకుడు, రజకుడు. కడుగుట అను అర్థముగల ధాతువునుండి మొదటిది పుట్టినది; రంగు వేయుట అను అర్థముగల ధాతువునుండి రెండవది. అనగా నాటి రజకుడు ఉదుకుటయే గాక అద్దకమును ఎఱిగినవాడన్నమాట. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు, కంటకశోధనమను నాలుగవ అధికరణమున, మన వృత్తికి కట్టుబాట్లున్నవి. ఆ గ్రంథము 1905లో మైసూరునందు శ్యామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చుపడినది. బట్టలను చెక్క పలకలమీదనో నున్నని రాళ్ళమీదనో ఉదుకవలెను. మఱియొకచోట ఉదికి చెఱచినచో నష్టముతోబాటు 6 పణముల దండుగ. ఒకరి బట్టలను అమ్మినను, అద్దెకిచ్చినను, తాకట్టు పెట్టినను 12 పణములు. తెలుపునకు ఇన్ని రాత్రులు, రంగునకు ఇన్ని రాత్రులు అని గడువు. గడువు దాటినచో కూలి లేదు. మేలైన బట్టకు ఒక పణము, నడిమిదానికి అర, తక్కువదానికి పావు. ఇంతేకాదు, మొదటి ఉతుకున బట్ట వెలలో నాలుగవ వంతు, రెండవ ఉతుకున అయిదవ వంతు తగ్గినట్లు లెక్క కట్టవలెనని గూడ వ్రాసినాడు. పరుల సొమ్ము మన చేతిలో నుండుట, గడువు, ధర అను మూడింటిని పట్టుకొనియే ఆయన ధర్మమంతయు నడచినది. మా తమ్ముని కొట్టున వచ్చిన చిక్కులన్నియు ఈ మూడింటిలోనివే.

పెద్ద వర్తకునకు మలుపన్నచో మూలధనము, గిడ్డంగి, ఓడ. చిన్న కొట్టువానికి అట్లుకాదు. అతడే యజమాని, అతడే కూలివాడు, గుమాస్తా, కావలివాడు. అతని చేతినుండి ఏదో ఒకటి విడిపోవలసిన దినము వచ్చుచుండును. విడువనిచో కొట్టు అచ్చటనే నిలిచిపోవును; విడువరానిదానిని విడిచినచో మునుగును. ఆ దినమునే మేము మలుపు అనుచున్నాము.

మా నాయనగారి కాలమున ధర అనునది లేదు, వర్తన యుండెను. ఏడాదికి ఇంటికిన్ని కుంచముల ధాన్యము, పండుగకు అన్నము కూరలు, పెండ్లికి పంచె. బట్టలెన్ని అని ఎవరును లెక్కించువారు కారు. గుర్తులకు నల్లజీడి గింజ. సంస్కృతమున దానిని భల్లాతకమందురు. దాని రసముతో చుక్క పెట్టి సున్నము రాచినచో బట్ట చినిగినను గుర్తు చెదరదు. ఒక యింటికి రెండు చుక్కలు, ఒక యింటికి అడ్డగీత, మునసబుగారింటికి కొడవలి. మా తల్లి దీపము లేకయే మూట విప్పి, నేత తీరు చేతితో తడిమి, ఎవరి బట్ట యేదో చెప్పగలిగెడిది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వఱదను ఈ సభలోని పెద్దలు మఱచియుండరు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటినది. మా పల్లె గట్టు ప్రక్కన నుండుటచే రాత్రివేళ నీరు లోనికి వచ్చెను. ఉబ్బకు సిద్ధపఱచి కట్టిన మూటలు ఏడు కొట్టుకొనిపోయెను. ప్రాణములు దక్కినవి. నీరు తీసిన తరువాత వచ్చిన చిక్కు వేఱు. మూటలలో ఎవరివి ఎన్ని యున్నవో చెప్పువారు లేరు. బట్టమీద గుర్తున్నదిగాని, బట్టయే పోయిన తరువాత గుర్తెక్కడ? ఒక గృహస్థు, పోనిమ్ము అనెను. మఱియొకరు రెండు పట్టుపంచెలనిరి. పట్టుపంచెలు ఆ మూటలలో లేవని మా తల్లికి తెలియును. కాని నోటిమాటకు నోటిమాటయే ఎదురు. మా నాయనగారు ఆ యేడు ఎవరినిగాని గింజలు అడుగలేదు. అడుగ మొగము చెల్లలేదనిరి.

రెండేండ్ల తరువాత, 1988లో, మా తమ్ముడు రాజమహేంద్రవరమున పది అడుగుల కొట్టు అద్దెకు తీసికొనెను. ఇత్తడి ఇస్త్రీ పెట్టె ఒకటి, బల్ల ఒకటి, బొగ్గుల బస్తా ఒకటి. మేము కానుకగా ఇచ్చినది కార్బను కాగితము పెట్టి వ్రాయు బిల్లు పుస్తకము. వాడు నవ్వి, “గుర్తులుండగా పుస్తకమెందుకు అన్నయ్యా, నాకు గుర్తులేనిదేమైనా ఉందా?” అనెను. ఏడు మూటలు, అని మాత్రము అంటిమి. మఱి మాటాడలేదు, పుస్తకము తీసికొనెను.

ఆ పుస్తకమున అంకె, బట్టల సంఖ్య, ఇచ్చు తేది యుండెను. కొన్నాళ్ళకు మా మరదలు మఱియొక గడి గీయించెను: వచ్చునప్పటికే బట్టకున్న చిరుగు, మరక, ఊడిన గుండీ. బట్ట తెచ్చినవారి యెదుటనే దానిని విప్పి చూపి వ్రాయుట. మొదట కొందరు చిన్నబుచ్చుకొనిరి. నెల తిరుగునప్పటికి వారే, “ఇదిగో ఇక్కడ చిరుగుంది, వ్రాసికో” అని చూపసాగిరి. కొట్టువానికిని ఖాతాదారునకును నడుమ జరుగు తగవులలో సగము ఈ యొక్క గడితో పోయినవి. మీలో కొట్టు పెట్టదలచినవారు మఱేమి మఱచినను దీనిని మఱువవలదు. ఆ పుస్తకముతో మా యింట పరంపరగా వచ్చిన జ్ఞాపకము మా తమ్ముని తలనుండి కాగితముమీదికి దిగెను. వాడు కొట్టున లేని పూటగూడ కొట్టు నడచుట అప్పటినుండి సాధ్యమైనది.

ఇక ధర. ఎంత మిగిలినదిరా అని అడిగినచో మా తమ్ముడు గల్లాపెట్టె తెఱచి చూచెడివాడు. అందున్నదే మిగులు. ఈ యలవాటు మనవారిలో నేటికిని ఎందఱికో కలదు. ఇప్పటి ధరలతో ఒక ఉదాహరణము చెప్పెదము. ఒకడు దినమునకు 100 బట్టలు ఇస్త్రీ చేసి, బట్టకు 10 రూపాయల వంతున 1,000 రూపాయలు తెచ్చుకొనుననుకొందము. అద్దె, కరెంటు, గంజి, బండి మరమ్మతు కలిసి 250 పోవును. మిగిలిన 750 రూపాయలు లాభమని అతడు సంతసించును. కాని ఆ మనిషియే ప్రక్క వీధి కొట్టులో కూలికి పోయినచో 600 వచ్చుననుకొనుడు. అప్పుడు కొట్టు మిగిల్చినది 150 మాత్రమే. తక్కిన 600 అతని భుజములు సంపాదించినది.

ఈ భేదము ఒంటిగా పనిచేయునంతకాలము తెలియదు. మొదటి పనివానిని పెట్టుకొన్న నాడు తెలియును. ఆ పనివానికి 600 ఇచ్చిన తరువాత అతడు చేసిన నూఱు బట్టలవలన యజమానికి దక్కునది ఆ 150 కంటె మించదు. తన కూలిని తాను ధరలో వ్రాసికొననివాడు పనివానికి కూలి ఎక్కడినుండి తెచ్చును? మా తమ్ముడు 1992లో ఒక కుఱ్ఱవానిని పెట్టుకొని, రెండు నెలలపాటు గల్లాపెట్టె ఏల ఖాళీ యగుచున్నదో తెలియక తికమకపడెను. పనివాడు దొంగిలించుచున్నాడేమో యని గూడ అనుమానించినాడు. పాప మాతడు పైసయైన ముట్టలేదు. మేము కూర్చుండి లెక్క కట్టి చూపిన తరువాత వాడు తన పేరును కూలివారి పట్టీలో మొదటి పంక్తిని వ్రాసికొనెను. మా మరదలు పాత చీర అంచుతో రెండు సంచులు కుట్టెను: ఒకటి ఇంటిది, ఒకటి కొట్టుది. శనివారమునాడు కొట్టు సంచినుండి ఇంటి సంచికి మా తమ్ముని కూలి పడును. మఱి ఆ సంచినుండి ఈ సంచికి, ఈ సంచినుండి ఆ సంచికి చేయి పోరాదు. ఏడవ తరగతి చదివిన ఆ యిల్లాలు పెట్టిన యీ కట్టడికంటె మేలైన గణిత శాస్త్రమును మేము చూడలేదు.

పనివానిని పెట్టుట యన్నచో కూలి లెక్కతో తీఱునది కాదు. మన పనియందు పోవునది మన సరకు కాదు, పరుల సొమ్ము. 1994లో ఒక పెండ్లివారు ఉప్పాడ జరీచీరను తెచ్చి యిచ్చిరి. ఆ కుఱ్ఱవాడు పెట్టె వేడిని తడిగుడ్డమీద చూడకయే చీరమీద పెట్టెను. తమలపాకంత మచ్చ. మా తమ్ముడు ఆ సాయంకాలమే చీరను చేతబట్టుకొని వారింటికి పోయి, వారు చూడకముందే తానే చూపెను. మాకు కౌటిల్యుని నాలుగవ వంతు తఱుగు జ్ఞప్తికి వచ్చి, పూర్తి వెల ఇయ్యనక్కఱలేదంటిమి. వాడు వినలేదు. నాలుగు వాయిదాలలో పూర్తి వెల చెల్లించెను. ఆ గృహస్థులు నేటికిని ఆ కొట్టుకే బట్టలు పంపుచున్నారు. కుఱ్ఱవాని కూలిలో పైసా కోయలేదు. కాని అతడు ఆఱు నెలలు పాత పంచెలమీద సాధన చేసినగాని పట్టు ముట్టనీయలేదు. అతడు మంచి పనివాడై, ఆఱేండ్ల తరువాత రెండు వీధుల అవతల తానే కొట్టు పెట్టుకొనెను. మా ఖాతాదారులలో ముప్పది యిండ్లవరకు అతనితో పోయినవి. మాకు కోపము వచ్చెను. మా తమ్ముడు కొన్నాళ్ళు మాటలేక తిరిగి, తుదకు “నేను నాన్న దగ్గఱ నేర్చుకోలేదా?” అని ఊరకుండెను.

ఇప్పుడు మా తప్పు.

2003 జూలై 30 మొదలు ఆగస్టు 10 వఱకు గోదావరికి పుష్కరములు. బృహస్పతి సింహరాశిని ప్రవేశించు ఆ పండ్రెండు దినములలో రాజమహేంద్రవరమున కాలు పెట్ట చోటుండదు. ఒక లాడ్జి గుమాస్తా కొట్టుకు వచ్చి, దినమునకు 300 దుప్పట్లు, గలీబులు ఉదికి ఇయ్యగలరా అని అడిగెను. ధర 4 రూపాయలు. ఆ దినము మేము కొట్టుననే యుంటిమి. మేమే కాగితము తీసి గుణించితిమి: దినమునకు 1,200. అప్పటికి కొట్టు రాబడి దినమునకు 400 దాటుట లేదు. ఇంతకన్న అదృష్టమేమున్నది అని మా తమ్మునితో నంటిమి. వాడు నసిగెను. మా మరదలు తలుపు చాటుననుండి, “బావగారూ, డబ్బెప్పుడిస్తారో అడిగారా?” అనెను. అంత పెద్ద లాడ్జి ఎక్కడికి పోవునమ్మా అని మేము నవ్వితిమి. ఆ నవ్వు మాకు నేటికిని చెవిలో వినబడుచున్నది.

పుష్కరముల సొమ్ములో చాలవఱకు చేతికి వచ్చినది. దానితో మాకు ధైర్యము హెచ్చెను. లాడ్జివారు ఏడాది పొడుగునను దినమునకు 120 దుప్పట్లు ఇచ్చెదమనియు, పని స్థిరము గనుక ధర 3 రూపాయలు చేసికొమ్మనియు, సొమ్ము నెలకొకసారి ఇచ్చెదమనియు చెప్పిరి. ఇదియు మేమే ఒప్పించితిమి. ఇద్దఱు పనివారు కొత్తగా చేరిరి. శ్రావణ భాద్రపదములలో గోదావరి నీరు ఎఱ్ఱగా వచ్చును. తెల్లదుప్పటి ఎఱుపెక్కినచో లాడ్జివాడు త్రిప్పి పంపును. మరల ఉదుకుడు. ఈ సందడిలో ఇండ్ల బట్టలు వెనుకబడెను. బుధవారము ఇచ్చెదమన్న బట్ట శనివారమునకును కాలేదు. బిల్లు పుస్తకము తిరుగవేసి చూచితిమి: పుష్కరములకు ముందు 90 ఇండ్లుండినవి, దీపావళినాటికి 50.

ఈ నలువది యిండ్లు పోవుచుండగా మాకు కనబడలేదు. ఏలయన మొత్తము రాబడి తగ్గలేదు. ఇండ్లవారు చెప్పి పోరు, తగవులాడి పోరు, ఊరక రారు. ఎదుటనున్న పెద్ద మూట వెనుకనున్న చిన్న మూటలను కప్పివేయును.

నెలకు వచ్చెడి సొమ్ము రెండు నెలలకు పడెను. పనివారికి శనివారము శనివారము కూలి ఇయ్యవలెను. సబ్బు, సోడా రొక్కమునకు కొనవలెను. అనగా మేము లాడ్జికి పని మాత్రమేగాక వడ్డీ లేని అప్పుగూడ ఇచ్చుచుంటిమి. 2004 ఫిబ్రవరిలో ఆ లాడ్జి చేతులు మాఱినది. పాతవారి బాకీలతో మాకు పనిలేదని కొత్తవారు. అంతయు కొత్తవారికి అప్పగించితిమని పాతవారు. నాలుగు నెలల బాకీ 41,000 రూపాయలు. చేతిలో వ్రాతపూర్వకమైన ఒప్పందము లేదు. బిల్లు పుస్తకముండెను గాని, మూట పుచ్చుకొన్నట్లు లాడ్జివారి సంతకమును అందులో మేము ఒక్కనాడును అడుగలేదు. పెద్దవారిని సంతకమడుగుట మర్యాదకాదని మా అభిప్రాయము. పనివారి కూలికై మా మరదలు మెడలోని గొలుసు తీసి బల్లమీద పెట్టెను. ఒక్క మాట అనలేదు. ఆ గొలుసు తాకట్టునుండి మరల రాలేదు. వ్యాకరణము తప్పిన పసివానిని బెత్తముతో కొట్టినవారము మేము. ఈ తప్పునకు మమ్ము కొట్టువారు లేకపోయిరి.

తరువాతి మూడు నెలలు తమ్ముడును మరదలును ఇంటింటికి తిరిగిరి. బట్టలు అడుగుటకు గాదు, ఆలస్యమునకు క్షమాపణ చెప్పుటకు. కొందఱు తిరిగి వచ్చిరి, కొందఱు రాలేదు. 2005లో ఒక ఆసుపత్రివారు దుప్పట్ల పని ఇచ్చెదమని వచ్చినప్పుడు మా తమ్ముడు చేతులు జోడించి, చేయలేనండి అనెను. కొట్టు తెఱచిన పదునేడేండ్లకు వాని నోట ఆ మాట వచ్చినది. మమ్ము సలహా అడుగలేదు.

అప్పుడు లేని ఒక రక్ష ఇప్పుడు కలదు. 2006లో చేసిన సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టము ప్రకారము, నమోదైన చిన్న సంస్థకు పని చేయించుకొన్నవారు ఒప్పందములో ఏమి వ్రాసికొన్నను 45 దినములకు మించి సొమ్ము ఆపరాదు. ఆపినచో రిజర్వు బ్యాంకు వారి బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ చెల్లవలెను. 2020 జూలైనుండి ఈ నమోదును ఉద్యమ్ అనుచున్నారు. దానికి రుసుము లేదు. పని ఒప్పుకొనకముందే నమోదు చేసికొనుడు. అయినను ఇల్లు గడువని దినమున చట్టము కూర పెట్టదు. ముందుగా ధరావతు, మూటమూటకు సంతకము, వారమువారము సొమ్ము — ఈ మూడును లేని పెద్ద పనిని మేము ఇక పెద్ద పని యనము.

2015 నాటికి మా తమ్మునకు ఏబదిరెండేండ్లు. కుడి భుజము లేచుట లేదు. ఉదుకుట మానుమని వైద్యుడు చెప్పెను. ఆ యేడు ఏప్రిలులో ముద్రా అప్పులు మొదలైనవి; 50,000 మొదలు 5 లక్షల వఱకు ఇచ్చు కిశోర్ తరగతిలో మూడు లక్షలు తీసికొని పెద్ద వాషింగ్ మెషీను, నీరు పిండు యంత్రము కొనిరి. మేము వ్రాసిన లెక్కలో యంత్రము వెల యొక్కటే యున్నది. మా మరదలు దానిక్రింద బోరు నీరు, వాణిజ్య కరెంటు కనెక్షను, చెడినచో వచ్చు మరమ్మతుదారుడు ఏ యూర నున్నాడు అను ప్రశ్న చేర్చెను. ఆ మూడింటికి అయిన ఖర్చు మఱి డెబ్బదివేలు. యంత్రము అలయదు గాని, పనిలేని దినముగూడ దాని వాయిదా నిద్రపోదు. ఆ జూలైలో మరల పుష్కరములు వచ్చెను, లాడ్జివారును వచ్చిరి. కొట్టు పనిలో మూడవ వంతునకు మించి ఒప్పుకొనలేదు. శనివారము సొమ్ము రాకున్న సోమవారము మూట ఎత్తలేదు.

2020 మార్చి 25న దేశమంతయు మూతపడినప్పుడు కొట్టును మూతపడెను. కచేరీలు లేనిచో ఇస్త్రీ చొక్కా ఎవరికి? రిజర్వు బ్యాంకు వాయిదాలను ఆగస్టు 31 వఱకు ఆపుకొనవచ్చుననెను. వడ్డీ మాత్రము ఆగలేదు. ఆ జూనులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రజకులకు, నాయీబ్రాహ్మణులకు, దర్జీలకు ఒక్కొక్క లబ్ధిదారునకు 10,000 రూపాయలు ఇచ్చినది. అది ఇంటి సంచికి పోయెను, పోవలసినదే. మా తమ్ముని కూతురు బి.కాం. చదివి హైదరాబాదున ఉద్యోగము చేయుచు, కచేరీ మూసినందున ఇంటికి వచ్చియుండెను. ఆ పిల్ల పాత బిల్లు పుస్తకములు ముందు వేసికొని ఇన్నేండ్ల ఖాతాదారుల టెలిఫోను అంకెలన్నియు ఎత్తి వ్రాసికొనెను. జూలైనుండి ఇంటికి వచ్చి తీసికొనిపోయి ఇంటికే చేర్చు పద్ధతి పెట్టెను. సొమ్ము ఫోనులోనే. 1988లో మేమిచ్చిన కార్బను కాగితపు పుస్తకము 2020లో కొట్టును తెఱిపించినదని చెప్పుకొనుటకు మాకు గర్వముగా నున్నది. ఈ కథలో మేము గర్వింపదగినది అదియొక్కటే గనుక సభవారు క్షమింతురుగాక.

అప్పుల మాట వచ్చినది గనుక, కుఱ్ఱవాండ్ర కొఱకు ఒక లెక్క. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులలో మనదియు నున్నది. శిక్షణ, దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000, తరువాత 5 శాతము వడ్డీకి 1 లక్ష అప్పు, పదునెనిమిది నెలల గడువు. నెలకు వాయిదా దాదాపు 5,800 అగును. ఇందాక చెప్పిన నూఱు బట్టలవానిని తలచుకొనుడు. అతని కొట్టు మిగులు దినమునకు 150. నెలకు ఇరువదియాఱు దినములకు 3,900. తక్కువపడు 1,900ను ఆ అప్పుతో కొన్న పనిముట్టు కొత్తగా సంపాదింపవలెను. సంపాదించునని కాగితముమీద చూపగలిగినచో తీసికొనుడు. చూపలేనిచో ఆ 1,900 ఇంటి సంచినుండి పోవును. తెలంగాణమున 2021 ఏప్రిలునుండి ఇస్త్రీ కొట్లకు, ధోబీఘాటులకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితముగా ఇచ్చుట మొదలైనది. అచ్చటి సోదరులు దానివలన తగ్గిన ఖర్చును ధర తగ్గించుటకు వాడక, మొదట తమ కూలిని పూర్తిగా వ్రాసికొనుటకు వాడుట మేలని మా అభిప్రాయము. రాబడి ఏడాదికి 20 లక్షలు దాటిన సేవా వృత్తివారు జి.ఎస్.టి. నమోదు చేసికొనవలెను. ఆ మేఱకు వచ్చిన కొట్టువాడు మాబోటి బడిపంతుళ్ళను వదలి లెక్కల పరీక్షకుని చూచుకొనుట మంచిది.

ఇప్పుడు మా యింట ఒక మలుపు జరుగుచున్నది. అది ఎటు తిరుగునో మాకు తెలియదు. పిల్ల రెండవ కొట్టు పెట్టెదననుచున్నది. తమ్ముడు వలదనుచున్నాడు. వాని చేయి ఇస్త్రీ పెట్టెను విడిచినది, లెక్కను విడిచినది, గల్లాపెట్టె తాళమును మాత్రము విడువలేదు. రాత్రి కొట్టు కట్టిన తరువాత గూడ మొలకున్న తాళపుచెవిని తడుముకొనుచుండును. వానిని మేము తప్పుపట్టజాలము. తనది కాని లెక్కను ఒకసారి నమ్మి నష్టపడినవాడు వాడు.

2027లో గోదావరికి మరల పుష్కరములు రానున్నవి. మొన్న ఒక లాడ్జివారు వ్రాతపూర్వకమైన ఒప్పందపు కాగితమును పంపిరి. పిల్ల దానిని మాయొద్దకు తెచ్చి, “చదివి చెప్పండి పెదనాన్నా, నాన్న ఏమీ మాట్లాడడం లేదు” అనెను. దినమునకు ఎన్ని దుప్పట్లు, ధర ఎంత అను అంకెలు పెద్ద అక్షరములలో నుండెను. సొమ్ము చెల్లించు గడువు నాలుగవ పుటలో చిన్న అక్షరములలో నుండెను. మేము సలహా చెప్పలేదు. అటకమీదినుండి 2003, 2004 సంవత్సరముల పుస్తకములను దింపి దుమ్ము దులిపి ఆ పిల్ల చేతికిచ్చితిమి.

ఒక పూట అంతయు కూర్చుండి చదివెను. లాడ్జి బాకీ, సబ్బు బాకీ, కూలి పట్టీలు. సాయంకాలము మావద్దకు వచ్చి, “ఫిబ్రవరిలో పనివాళ్ళకు ఇచ్చిన డబ్బు ఖర్చు కింద ఉంది. ఎక్కడినుంచి వచ్చిందో జమ కింద లేదు. అమ్మ గొలుసు ఇందులో లేదేం పెదనాన్నా?” అనెను.

మేము వ్రాయలేదు. అప్పుడు వ్రాయుటకు చేయి రాలేదు. తరువాత ఎవరును అడుగలేదు. ఆ మాటయే చెప్పితిమి. పిల్ల మా కలము తీసికొని, 2004 ఫిబ్రవరి పుటలో ఖాళీగానున్న పంక్తిని తల్లి పేర గొలుసును జమ వ్రాసెను. లాడ్జివారి కాగితము మీద ఇంకను సంతకము కాలేదు.